ఈ. కోలైలో క్యాస్9ని చూడాలంటే: ఫ్లాగ్ ట్యాగా, క్యాస్9 యాంటీబాడీనా?

పీహెచ్‌డీ_రెండోఏడు:
ఈ. కోలై బ్యాక్టీరియాలో ట్యాగ్ (గుర్తుపట్టడానికి తగిలించే చిన్న తోక) లేని డీక్యాస్9 పెట్టాం (డీఎన్‌ఏను కోయకుండా దాని మీద కూర్చుని జన్యువును అణిచే క్యాస్9), టెట్ ప్రమోటర్ కింద (మందు వేస్తే తెరుచుకునే స్విచ్). గైడ్ (ఏ జన్యువో చూపే ఆర్‌ఎన్‌ఏ) ఇచ్చినా జన్యువు అణగడం లేదు. అసలు ప్రొటీన్ తయారవుతోందా అన్నది ముందు తేలాలి. చివర ఫ్లాగ్ తగిలించి, ఫ్రీజర్‌లో ఉన్న ఫ్లాగ్ యాంటీబాడీతో బ్లాట్ (ప్రొటీన్లను జెల్‌లో సైజు వారీగా విడదీసి, పొర మీదికి ఎక్కించి యాంటీబాడీతో వెతకడం) చేసెయ్ అంటోంది మా సీనియర్ అక్క. నాకేమో క్యాస్9 యాంటీబాడీయే కొనాలనిపిస్తోంది. తర్వాత దీన్నే స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే మరో బ్యాక్టీరియాలోకి తీసుకెళ్లాలి. ఏది మేలు?

క్లోనింగ్_మేస్త్రి:
మీ అక్క చెప్పిందే సబబు. ఫ్లాగ్ అంటే ఎనిమిది అమైనో ఆమ్లాలు, ప్రైమర్‌లో 24 అక్షరాలు, అంతే. రేపు క్యాస్9 తీసేసి క్యాస్12ఎ లాంటి వేరే ప్రొటీన్ పెట్టినా అదే యాంటీబాడీ సీసా పనికొస్తుంది. ట్యాగ్ సీ చివర (ప్రొటీన్‌లో ఆఖరున తయారయ్యే కొస) ఉండి, బ్యాండు సరైన సైజులో వస్తే ప్రొటీన్ పూర్తిగా తయారైనట్టే. హిస్ ట్యాగ్ (హిస్టిడిన్ల వరుస) జోలికి మాత్రం పోవద్దు. స్లైడీ లాగా హిస్టిడిన్లు గుత్తులుగా ఉన్న ప్రొటీన్లు ఈ. కోలైకి సొంతంగానే ఉన్నాయి, హిస్ యాంటీబాడీ వాటినీ పట్టొచ్చు.

బ్లాట్_బల్ల:
నేను ఒప్పుకోను. పనిచేయనిది ట్యాగ్ లేని ప్లాస్మిడ్. ట్యాగ్ పెట్టి కొత్తది కట్టి, అందులో బ్యాండు చూస్తే పాతదాని సంగతి ఏం తెలిసింది? ఉన్నదాన్ని ఉన్నట్టే చూడాలి.

7ఎ9-3ఎ3 అనే ఎలుక మోనోక్లోనల్ యాంటీబాడీ (ఒకే చోటును పట్టేది) ఉంది. స్ట్రెప్టోకాకస్ పయోజెనిస్ క్యాస్9 ఎన్ చివరను (మొదట తయారయ్యే కొసను) పట్టుకుంటుంది. డీక్యాస్9లో మారినవి 10, 840 స్థానాలే కాబట్టి దాన్నీ గుర్తుపడుతుంది. ఆరియస్ సొంత క్యాస్9ని మాత్రం పట్టదు, కొనేముందు మీది ఏ జాతి క్యాస్9దో చూసుకోండి. కుందేలు పాలీక్లోనల్ (చాలా చోట్లను పట్టే యాంటీబాడీల మిశ్రమం) చవగ్గా దొరికినా ఈ పనికి వద్దంటాను. ఆ కుందేలుకు ఎక్కించిన ప్రొటీన్ చాలాసార్లు ఈ. కోలైలోనే తయారై ఉంటుంది, దాంతోపాటు వెళ్లిన మలినాలకూ యాంటీబాడీలు పుడతాయి. మీ లైసేట్ (పగలగొట్టిన కణాల రసం) మీద వేస్తే లేన్ నిండా గీతలే.

ఇంకో సంగతి. ఈ క్యాస్9 దాదాపు 160 కిలోడాల్టన్లు. ఈ. కోలై ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ బీటా, బీటా ప్రైమ్‌లు 150, 155 దగ్గర కూర్చుంటాయి. కూమాసీ జెల్ (ప్రొటీన్లన్నిటికీ రంగేసిన జెల్) చూసి "ఇదిగో క్యాస్9" అనేవాళ్లు చాలాసార్లు చూపించేది పాలిమరేజ్‌నే. అందుకే ప్లాస్మిడ్ లేని స్ట్రెయిన్ లేన్ పక్కనే లేకపోతే ఏ యాంటీబాడీతో చేసిన బ్లాట్‌నూ నేను నమ్మను. లోడింగ్ కంట్రోల్‌కు (లేన్లన్నిటిలో సమానంగా పోశామా అని చూడటానికి) కూడా ఆర్‌పీఓబీ (ఆ బీటాయే) వద్దు, 36 దగ్గర వచ్చే ఆర్‌పీఓఏ (పాలిమరేజ్ ఆల్ఫా) తీసుకోండి.

క్లోనింగ్_మేస్త్రి:
పాత ప్లాస్మిడ్ సంగతి సరే, ఒప్పుకుంటా. కానీ ఎన్ చివరను పట్టే యాంటీబాడీ తెగిపోయిన ముక్కల్నీ చూపిస్తుంది. 160 దగ్గర ఏమీ లేకుండా కింద 70 దగ్గర గీత కనిపిస్తే అప్పుడేమంటారు?

బ్లాట్_బల్ల:
ప్రొటీన్ తెగిపోతోందని అంటాను. గైడ్ ఎందుకు పనిచేయట్లేదో దానికి అదే జవాబు కావచ్చు. సీ చివర ఫ్లాగ్‌తో అయితే, ఆ చివరి ముక్క నిలవకపోతే, లేన్ ఖాళీగా కనిపించేది, అసలు తయారే కాలేదనుకునేవాళ్లం.

క్లోనింగ్_మేస్త్రి:
సరే. ఆరియస్‌కు మాత్రం కొత్త ప్లాస్మిడ్ ఎలాగూ కట్టాలి, అందులో మొదటినుంచే ట్యాగ్ పెట్టమంటాను. అక్కడ ప్రొటీన్ ఎ అనే ఆ బ్యాక్టీరియా సొంత ప్రొటీన్ ఉంటుంది. యాంటీబాడీ తోకను పట్టేసుకుంటుంది, కుందేలుదైతే మరీ గట్టిగా.

బ్లాట్_బల్ల:
ఆ చిక్కు ట్యాగ్‌తో పోదుగా, ఫ్లాగ్‌ను పట్టే ఎం2 యాంటీబాడీ కూడా ఎలుకదే, దానికీ ఆ తోక ఉంటుంది. బ్లాట్‌లో ప్రొటీన్ ఎ 50 చుట్టూ వస్తుంది, మన బ్యాండుకు చాలా కింద, కాబట్టి ఓర్చుకోవచ్చు. సైజు కనిపించని డాట్ బ్లాట్‌లో, మైక్రోస్కోప్ కింద ఓర్చుకోలేం. ఆ పనులుంటే ప్రొటీన్ ఎని తయారుచేసే ఎస్‌పీఏ జన్యువు తీసేసిన స్ట్రెయిన్ వాడండి.

పీహెచ్‌డీ_రెండోఏడు:
పక్క ల్యాబ్‌లో 7ఎ9 ఉందట, కొంచెం అడిగి తెచ్చుకుంటా. ఇండ్యూసర్ (స్విచ్ తెరిచే మందు) వేసినది, వేయనిది, ప్లాస్మిడ్ లేనిది: మూడు లేన్లు. ట్రాన్స్‌ఫర్ (జెల్ నుంచి పొర మీదికి) సెమీ-డ్రైలో 20 నిమిషాలు చాలా?

బ్లాట్_బల్ల:
ఇంత పెద్ద ప్రొటీన్‌కు చాలదమ్మా. 8 శాతం జెల్, వెట్ ట్రాన్స్‌ఫర్, తక్కువ వోల్టేజీలో రాత్రంతా చల్లగదిలో పెట్టు, మెథనాల్ తగ్గించు. అన్నట్టు, మీ ఇండ్యూసర్ అన్‌హైడ్రోటెట్రాసైక్లిన్ వెలుతురుకు పాడవుతుంది. బల్లమీదున్న పాత ట్యూబ్ పక్కనపెట్టి, కొత్తది కలిపి ఫాయిల్ చుట్టి వాడు.