సింగపూర్ చట్టం అని రాసిన ఒప్పందం హైదరాబాద్‌లో నన్ను కట్టిపడేస్తుందా?

హైదరాబాద్‌లో ఒక బహుళజాతి సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఆరేళ్లుగా పనిచేస్తున్నాను. ఆఫర్ లెటర్ ఇచ్చింది ఇక్కడి అనుబంధ సంస్థే. జీతం రూపాయల్లో, పీఎఫ్ కూడా ఇక్కడే. కానీ చేరిన రోజు సంతకం పెట్టించుకున్న 22 పేజీల ఒప్పందం మాత్రం సింగపూర్‌లోని మాతృసంస్థతో. అందులో 14వ క్లాజు: "మానేశాక 12 నెలలు పోటీ కంపెనీలో చేరకూడదు. వివాదం వస్తే సింగపూర్ చట్టం, సింగపూర్ కోర్టులు."

ఆగస్టు 4న రాజీనామా పెట్టాను, నోటీసు 60 రోజులు. కొత్త చోట అక్టోబర్ 6న చేరాలి, అదీ ఇదే రంగం. హెచ్‌ఆర్‌కు రెండుసార్లు మెయిల్ పెడితే ఆ క్లాజునే మళ్లీ పంపారు. లేబర్ ఆఫీసులో అడిగితే మా పరిధి కాదన్నారు.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం ఇలాంటి నిషేధం మన దగ్గర చెల్లదు. ఆ ధైర్యంతోనే రాజీనామా చేశాను. తీరా చూస్తే, సివిల్ ప్రొసీజర్ కోడ్ 44ఎ కింద సింగపూర్ కోర్టు డిక్రీని (తీర్పుతో ఇచ్చే ఆదేశాన్ని) ఇక్కడి జిల్లా కోర్టులో అమలు చేయించుకునే వీలుందట. కానీ భారత చట్ట ఉల్లంఘనపై ఆధారపడిన దావాను సమర్థించిన విదేశీ తీర్పును ఇక్కడ అంతిమంగా తీసుకోనక్కర్లేదని అదే కోడ్‌లో 13వ సెక్షన్ అంటోంది. ఈ రెండింట్లో నా విషయంలో ఏది నెగ్గుతుందో తెలియక నిద్ర పట్టడం లేదు.

ఆ క్లాజు కింద సింగపూర్ కోర్టు నాపై నష్టపరిహారం డిక్రీ ఇస్తే, 27వ సెక్షన్ చూపించి హైదరాబాద్‌లో దాని అమలును ఆపగలనా?