జిమ్ సైకిల్ మీద పాటకు చేతులు ఊపితే లాభమా, ఉత్త హుషారేనా?

వేకువ: మా క్లాసులో పాట సగానికి రాగానే కోచ్ హ్యాండిల్ వదిలేసి, బీట్‌కి తగ్గట్టు చేతులు పైకీ పక్కలకీ ఊపమంటారు. ఆ నాలుగు నిమిషాలు ఇట్టే గడిచిపోతాయి. పక్క సైకిల్ ఆయన మాత్రం పాట ఒక్కటి చాలు, చేతులు అనవసరం అంటారు. నాకేమో చేతులు ఊపినప్పుడే తొక్కడం తేలిగ్గా ఉంటుంది. నిజంగానే అలసట తగ్గుతోందా?

లయ: పాట సంగతి కొత్తది కాదండీ. న్యూయార్క్‌లో ఆరు రోజుల సైకిల్ రేసును గమనించి లెనార్డ్ అయర్స్ 1911లోనే రాశారు: బ్యాండు మోగుతున్నప్పుడు సగటు వేగం గంటకు 19.6 మైళ్లు, మోగనప్పుడు 17.9. 2012లో వచ్చిన ఒక ప్రయోగంలోనైతే, బీట్ కాలి కంటే వెనకబడినప్పటితో పోలిస్తే రెండూ కలిసినప్పుడు అదే పనికి ఆక్సిజన్ సుమారు 7 శాతం తక్కువ పట్టింది. కాలికి లయ కుదిరితే అనవసరపు కుదుపులు తగ్గుతాయి. చేతులు కూడా ఆ లయలో కలిస్తే ఇంకా మంచిదేగా?

గేర్: లయ గారూ, బ్యాండు ఉన్న చోట జనం, చప్పట్లు కూడా ఉంటాయి. ఆ తేడా మొత్తం పాటదే అనలేం. అది పక్కన పెడితే, వేకువ గారూ, చేతులు ఊపే ముందు ఒకసారి, ఊపుతూ ఒకసారి స్క్రీన్ మీద వాట్స్ (ఎంత బలంగా తొక్కుతున్నామో చూపే అంకె) చూడండి. హ్యాండిల్ వదలగానే నడుముకి ఆనుడు పోతుంది. సీటు మీద అటూ ఇటూ ఒరిగిపోకుండా ఉండాలని మనకు తెలియకుండానే తొక్కే బలం తగ్గించేస్తాం. తేలిగ్గా అనిపించేది అందుకే.

శ్వాస: ఇక్కడ రెండు వేర్వేరు పనులు కలిసిపోతున్నాయి. ముందుకూ వెనక్కీ కదిలే హ్యాండిళ్లున్న ఎయిర్‌బైక్ మీద పెడళ్లతో పాటు చేతులు కూడా ముందున్న ఫ్యాన్‌ని తిప్పుతాయి. మొత్తం పని అంతే ఉంచితే, అది కాళ్లకీ చేతులకీ పంచబడుతుంది కాబట్టి తొడల మంట తగ్గుతుంది. గాల్లో ఊపే చేతులు పెడల్‌కి ఏమీ ఇవ్వవు. కానీ గుండె మాత్రం వాటికీ రక్తం పంపాలి. అందుకే పల్స్ పెరిగినా వాట్స్ పెరగవు. పల్స్ పెరిగింది కాబట్టి బాగా తొక్కాను అనుకోవద్దు. బీపీ ఉన్నవాళ్లు మరీ జాగ్రత్త, భుజాల కంటే పైకెత్తిన చేతులతో బీపీ త్వరగా పెరగొచ్చు.

లయ: ఒప్పుకుంటున్నాను. కానీ రోజూ క్లాసుకి రావాలనిపించడం కూడా లెక్కలోకి రావాలి కదా. వాట్స్ కోసం వచ్చి నెలకే మానేసినవాళ్లని చాలామందిని చూశాను.

గేర్: అది కాదనను. నేనూ పాట లేకుండా తొక్కలేను. అయితే ఊపిరి అందక మాట కూడా రాని స్థాయిలో తొక్కుతుంటే పాట కూడా వినబడనట్టే ఉంటుంది, ఒంట్లోంచి వచ్చే కేకలే ముందుంటాయి. మధ్యస్థంగా తొక్కేటప్పుడే పాట సాయం ఎక్కువ.

వేకువ: ఈ రోజు చూశాను. హ్యాండిల్ పట్టుకుని 110 వాట్స్ ఉన్నది, చేతులు ఎత్తిన పది సెకన్లకే 84కి దిగింది. పల్స్ మాత్రం 138 నుంచి 141. నిజంగా మనసు చివుక్కుమంది. తర్వాత పాటకి ఒక చెయ్యి మాత్రమే, మోచెయ్యి వరకే ఊపాను, రెండోది హ్యాండిల్ మీదే. వాట్స్ 104 దగ్గర నిలిచాయి. హుషారు ఏమీ తగ్గలేదు.

శ్వాస: రెండో చెయ్యి హ్యాండిల్ మీద ఉంటే నడుం నిలబడుతుంది, అదే తేడా. రేపు చేతులు మార్చి చూడండి, ఎడమ చేత్తో పట్టుకున్నప్పుడు కూడా 104 వస్తుందా అని. తుంటి ఒక పక్కకి ఒరుగుతోంటే అక్కడ తెలిసిపోతుంది.