సిక్స్ ఫ్లాగ్స్: అన్ని కోట్లు పెట్టాక కూడా ఒక్క ట్రైనే ఎందుకు తిరుగుతోంది?

ఎయిర్‌టైమ్_అప్పారావు (ప్రశ్న):

అమెరికాలో వినోద పార్కులు నడిపే సెడార్ ఫెయిర్, సిక్స్ ఫ్లాగ్స్ కంపెనీలు 2024 జులై 1న సిక్స్ ఫ్లాగ్స్ పేరుతోనే ఒకటయ్యాయి. అప్పటి నుంచి ఇక్కడ ఏ చర్చ మొదలైనా రెండు వర్గాల కొట్లాటగా మారుతోంది. సెడార్ ఫెయిర్ వైపు ఉన్న ఒహాయో పార్కు సెడార్ పాయింట్ అభిమానులు "నిక్షేపంలాంటి కంపెనీని తీసుకెళ్లి బురదలో దించారు" అంటారు. న్యూజెర్సీలోని పాత సిక్స్ ఫ్లాగ్స్ పార్కు గ్రేట్ అడ్వెంచర్ వాళ్లు "సీఈఓ జిమ్మర్‌మన్ మీ మనిషే కదా, మా కింగ్డా కా కోస్టర్ కూలింది ఆయన హయాంలోనే కదా" అంటారు.

2025, 2026 కలిపి పార్కుల మీద 100 కోట్ల డాలర్లు పెడతామన్నారు. కొత్త రోలర్ కోస్టర్లు వచ్చాయి కూడా. అయినా శనివారం మధ్యాహ్నం క్యూ రెండు గంటలుంటే స్టేషన్లో ఒక్క ట్రైనే, తిండి స్టాల్స్‌లో సగం షట్టర్లు దించేసి ఉంటాయి. డబ్బు లేకనా? ఉన్నది తప్పు చోట పెట్టా? తిట్లు పక్కనపెట్టి లెక్కలతో చెప్పగలిగినవాళ్లు చెప్పండి. 2025 డిసెంబర్ 8 నుంచి జాన్ రైలీ సీఈఓగా ఉన్నారు. ముందు ఆయన చెయ్యి పెట్టాల్సింది ఎక్కడ?

బ్యాలెన్స్‌షీట్_బాబాయ్:

అప్పారావు గారూ, మీ ప్రశ్నలోనే సగం జవాబుంది. కొత్త కోస్టర్ డబ్బు ఒక జేబులోది, రెండో ట్రైన్ డబ్బు ఇంకో జేబులోది.

కొత్త కోస్టర్ పెట్టుబడి ఖర్చు. దాని భారం పుస్తకాల్లో తరుగుదల కింద చాలా ఏళ్ల మీద పరుచుకుంటుంది. మెకానిక్ జీతం, రైడ్ ఆపరేటర్ గంట కూలి, అరిగిన చక్రాల ఖర్చు అలా పరుచుకోవు, ఆ ఏడాది నిర్వహణ ఖర్చులోనే పడతాయి. కంపెనీ మార్కెట్‌కి మాటిచ్చేది ఎబిట్డా మీద, అంటే వడ్డీ, పన్ను, తరుగుదల తియ్యకముందు లాభం మీద. కోస్టర్‌కి 3 కోట్ల డాలర్లు పోసినా ఎబిట్డాకి గీత పడదు. పది మంది మెకానిక్‌లని ఉంచుకుంటే పడుతుంది. ఒత్తిడి వచ్చినప్పుడు కత్తెర ఎటు నడుస్తుందో వేరే చెప్పాలా?

ఆ ఒత్తిడి మామూలుది కాదు. 2025కి మొదట 108 నుంచి 112 కోట్ల డాలర్ల ఎబిట్డా అన్నారు. ఆగస్టులో 86-91కి దించారు, నవంబర్‌లో 78-80.5కి. విలీనం అమ్ముడుపోయిందే పొదుపు మాట మీద: మొత్తం 20 కోట్ల ప్రయోజనం, అందులో 12 కోట్లు ఖర్చు తగ్గింపు, 8 కోట్లు అదనపు ఆదాయం. ఖర్చు తగ్గించడం వాళ్ల చేతిలో ఉంది, ఆదాయం పెరగడం జనం చేతిలో ఉంది. మొదటిది చేశారు. రెండోది 2025 వసంతంలోనే తిరగబడింది. వానలు, చలి తోడై రెండో త్రైమాసికంలో సందర్శకులు 9 శాతం తగ్గి 1.42 కోట్లకి పడిపోయారు.

నెత్తిన సుమారు 500 కోట్ల డాలర్ల అప్పు. ఏటా వడ్డీకే 30 కోట్లు పైన పోతుంది. ఎన్ని కోస్టర్లొస్తాయో మీరే భాగించుకోండి.

ఒక అపోహ కూడా తీర్చేస్తాను. 2025 మూడో త్రైమాసికంలో 120 కోట్ల నష్టం చూపించగానే "అంత డబ్బు తగలేశారు" అని పోస్టులు మొదలయ్యాయి. ఆ లెక్కలో నష్టం కంటే పెద్దదైన 150 కోట్ల గుడ్‌విల్ తగ్గింపు కలిసి ఉంది. విలీనంలో సిక్స్ ఫ్లాగ్స్ పార్కులకి ఆస్తి విలువ కంటే ఎక్కువ రాసుకున్నారు, ఇప్పుడు అంత లేదని ఒప్పుకుని కొట్టేశారు. ఆ త్రైమాసికంలో ఆ లెక్కన బ్యాంకు నుంచి పైసా బయటికి పోలేదు. పరువు పోయింది, అది వేరే ఖాతా.

రెండో_ట్రైన్:

బాబాయ్ జేబుల సంగతి చెప్పారు. అదే స్టేషన్లో ఎలా కనపడుతుందో చెప్తాను.

ఒక మామూలు పెద్ద కోస్టర్ తీసుకోండి, ట్రైన్‌కి 32 సీట్లు. రైడ్ రెండున్నర నిమిషాలు, దించి ఎక్కించి బెల్టులు చూడడానికి ఒకటిన్నర. ఒక్క ట్రైనే అయితే అది పైన తిరుగుతున్నంతసేపు ప్లాట్‌ఫారం ఖాళీగా ఉంటుంది. నాలుగు నిమిషాలకి ఒకటి, గంటకి 15, అంటే 480 మంది. రెండు ట్రైన్లుంటే ఒకటి పైన ఉండగా ఇంకోటి నిండుతుంది. రెండు నిమిషాలకొకటి, గంటకి 960.

ఇందులో ఫాస్ట్ లేన్ వాళ్లని, అంటే అదనంగా డబ్బు కట్టి వేరే చిన్న క్యూలో వచ్చేవాళ్లని కలపండి. గంటకి 150 మంది ఆ దారిన వస్తే, రెండు ట్రైన్ల రోజున మామూలు క్యూకి 810 సీట్లు మిగులుతాయి. ఒక్క ట్రైన్ రోజున మిగిలేవి 330. ముందు 900 మంది ఉంటే రెండు ట్రైన్ల రోజున 67 నిమిషాలు, ఒక్క ట్రైన్ రోజున రెండు గంటల నలభై పైన. ట్రైన్ సగమైతే క్యూ రెట్టింపవుతుందనుకుంటారు. కాదు, రెండున్నర రెట్లవుతుంది. క్యూ పెరిగిన కొద్దీ ఫాస్ట్ లేన్ ఇంకా అమ్ముడుపోతుంది, అది ఇంకో కథ.

రెండో ట్రైన్ ఎందుకు లేదు? చలికాలంలో మూసే పార్కుల్లో, సెడార్ పాయింట్ ఉన్న సాండస్కీ లాంటి చోట, సీజన్ అవగానే ట్రైన్లన్నీ విప్పేస్తారు. చక్రాలు, యాక్సిళ్లు, చక్రాల చట్రాలు, ఒడి మీద పట్టి ఉంచే కడ్డీల (లాప్‌బార్) సిలిండర్లు దేనికది విడదీసి, రంగు చెక్కేసి, పగుళ్లున్నాయేమోనని అయస్కాంత పొడి పరీక్షో అల్ట్రాసౌండో చేస్తారు. పనికిరాని భాగం దొరికితే ఆర్డర్ స్విట్జర్లాండ్‌కో లీక్టెన్‌స్టైన్‌కో వెళ్తుంది, రావడానికి నెలలు పడుతుంది. కాబట్టి విప్పడం నవంబర్లో మొదలవ్వాలి. మనుషులు తక్కువై జనవరికి జరిగితే, మే నాటికి ఒక్క ట్రైనే తనిఖీ కాగితాలతో సహా సిద్ధమవుతుంది, రెండోది షెడ్‌లో స్టాండ్ల మీదే ఉంటుంది. 2025 జూన్ కల్లా పూర్తికాలపు ఉద్యోగుల్లో 10 శాతానికి పైగా తగ్గించారు కదా. అది ఏదో ఒక షెడ్‌లో కనపడి తీరుతుంది.

ఇంకో రకం ఉంది, రెండు ట్రైన్లున్నా లాభం లేనిది. ప్లాట్‌ఫారం మీద చెక్ చేసేవాళ్లు నలుగురికి బదులు ఇద్దరే ఉంటే ఎక్కించడానికే మూడు నిమిషాలు. వెనక ట్రైన్ బ్రేకుల మీద ఆగి నిలబడుతుంది, అందులో జనం ఎండకి మాడుతూ. అక్కడ లోటు మెకానిక్‌లది కాదు, గంట కూలి మనుషులది. ఏది ఎక్కడ జరుగుతోందో చూడకుండా "మేనేజ్‌మెంట్ డౌన్ డౌన్" అంటే ఉపయోగం లేదు.

జాక్సన్_గేటు:

లెక్కలు బావున్నాయి గానీ అసలు దోషిని వదిలేశారు. సెలీమ్ బసూల్. 2021 నవంబర్లో సిక్స్ ఫ్లాగ్స్ పగ్గాలు పట్టాడు. అంతకు ముందు మిడిల్‌బీ అనే హోటల్ వంటగది యంత్రాల కంపెనీ నడిపినవాడు. వస్తూనే పాస్‌ల ధరలు పెంచి, సీజన్ పాస్ జనాన్ని తరిమేశాడు. 2021లో 2.77 కోట్ల మంది వస్తే 2022లో 2.05 కోట్లు. పార్కులు టీనేజర్లకి చవక డే కేర్ సెంటర్లు అయిపోయాయని మదుపర్లతో మాట్లాడుతూ అన్నది ఈయనే. అలాంటి మనిషిని విలీనం తర్వాత కూడా ఎగ్జిక్యూటివ్ ఛైర్మన్‌గా కూర్చోబెడితే ఇంకేం బాగుపడుతుంది?

బ్యాలెన్స్‌షీట్_బాబాయ్:

జాక్సన్ తమ్ముడూ, బసూల్‌ని వెనకేసుకురావట్లేదు. కానీ రోగం ఆయన సరిగ్గానే పట్టాడు, మందు మోతాదే తప్పు.

ఆ ఏడాదిలో సందర్శకుడు పార్కులో పెట్టే తలసరి ఖర్చు 52 డాలర్ల దగ్గర్నుంచి 64కి పెరిగింది. 2.77 కోట్లని 52తో గుణించండి, 144 కోట్లు. 2.05ని 64తో, 131. తలకి 12 డాలర్లు ఎక్కువ గుంజి, మొత్తమ్మీద 13 కోట్లు పోగొట్టుకున్నాడు. ధర పెంచడం తప్పు కాదు. సెడార్ ఫెయిర్‌లో పాత సీఈఓ మాట్ ఉయిమెట్ కూడా పెంచాడు, ఏడాదికి కొంచెం, దానితో పాటు తిండి, పార్కు శుభ్రత కూడా మెరుగుపరుస్తూ. ఇక్కడ ధర ముందు పెరిగింది, పార్కు మారింది మాత్రం తర్వాతెప్పుడో.

పగ్గాలెవరివి అన్న మాటకొస్తే, 2024 తర్వాత రోజువారీ నడిపింది జిమ్మర్‌మన్. పారామౌంట్ పార్కులు అనే కంపెనీ కాలం నుంచి ఉన్నవాడు, కింగ్స్ డొమినియన్ అనే పార్కు నడిపినవాడు, కోస్టర్లు తెలియనివాడు కాదు. తెలిసినవాడి హయాంలోనే 2025లో పార్క్ ప్రెసిడెంట్ పదవులు ఎత్తేశారు. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో చెడ్డ నిర్ణయం అదే. పార్కు గేటు దగ్గర వాన మొదలైతే ఏ స్టాల్ మూయాలి, ఆ మనుషుల్ని ఎటు పంపాలి అని అక్కడున్న పెద్ద మనిషి పది నిమిషాల్లో తేలుస్తాడు. ఆ కుర్చీ ఖాళీ అయితే ఆ పని ఇంకెక్కడో ఉన్న ఇంకెవరి జాబితాలోనో చేరుతుంది. ఆదా అయిందెంత? కొన్ని డజన్ల జీతాలు.

గిగా_గోపి:

పెట్టుబడి జేబులో మాత్రం అంతా సవ్యంగా ఉందా బాబాయ్? సెడార్ పాయింట్‌లో పాత కోస్టర్‌ని మార్చి కట్టిన టాప్ థ్రిల్ 2 సంగతేంటి?

పాత టాప్ థ్రిల్ డ్రాగ్‌స్టర్, కింగ్డా కా, రెండూ ఇంటమిన్ కంపెనీ చేసిన హైడ్రాలిక్ లాంచ్, అంటే ద్రవ ఒత్తిడితో ట్రైన్‌ని ఒక్కసారిగా ముందుకి లాగేవి. పంపులు నూనెని తోస్తే సిలిండర్లలో నైట్రోజన్ నొక్కుకుపోతుంది. వదలగానే ఆ ఒత్తిడికి మోటార్లు తిరిగి, డ్రమ్ము మీద కేబుల్ చుట్టుకుంటూ ట్రైన్‌ని లాగుతుంది. కింగ్డా కాలో మూడున్నర సెకన్లలో గంటకి 128 మైళ్ల వేగం, 456 అడుగుల ఎత్తు. ప్రతి లాంచ్‌కీ కేబుల్ అరుగుతుంది, సీళ్లు కారతాయి. మెకానిక్‌లని మింగేసే యంత్రం. దాన్ని తీసెయ్యడం తప్పనను. కానీ 2024 నవంబర్ 10న చివరిసారి నడిపి, ఆ విషయం నాలుగు రోజుల తర్వాత చెప్పారు. ముందే చెప్పి ఉంటే ఆఖరి నెలంతా ఎక్కడెక్కడి అభిమానులూ టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్లు.  పైసా ఖర్చు లేని ఆదాయం చేజేతులా వదులుకున్నారు. 2025 ఫిబ్రవరి 28న టవర్‌ని పేల్చేశారు.

సెడార్ పాయింట్‌లో దారి వేరు. 2021 ఆగస్టులో ట్రైన్ నుంచి లోహపు ముక్క ఊడి క్యూలో ఉన్న మహిళకి తగిలాక డ్రాగ్‌స్టర్‌ని ఆపేశారు. టవర్ ఉంచి, జాంపెర్లా అనే రైడ్ల కంపెనీకిచ్చి అయస్కాంత లాంచ్‌గా మార్చారు: ముందుకి 74 మైళ్లు, వెనక్కి 101తో రెండో టవర్ ఎక్కి, మళ్లీ ముందుకి 120. కేబుల్ బాధ పోయింది. కానీ ఆ వేగానికి ఆ కంపెనీ ట్రైన్లు కొత్త. ఇదివరకు ఒక్కసారే ముందుకి లాగేది, ఇప్పుడు మూడుసార్లు, అటూ ఇటూ. చక్రాల మీద భారం మారిపోతుంది. 2024 మే 4న తెరిచారు, వారం తిరిగేసరికి ఆపేశారు. ట్రైన్లకి మార్పులు చేసి 2025లో మళ్లీ తెరిచారు. సీజనంతా ప్రకటనలు ఆ రైడ్ మీద, రైడేమో మూత. దీనికి అప్పుని ఎలా తప్పు పడతారు?

బ్యాలెన్స్‌షీట్_బాబాయ్:

పట్టను. అది విలీనానికి ముందు సెడార్ ఫెయిర్ తీసుకున్న నిర్ణయం. ఇక్కడి సెడార్ అభిమానులు అది గుర్తుపెట్టుకుంటే సగం కొట్లాటలు తగ్గుతాయి.

ఎయిర్‌టైమ్_అప్పారావు:

సౌదీలో సిక్స్ ఫ్లాగ్స్ పేరుతో 2025 డిసెంబర్ 31న తెరిచిన ఖిద్దియా పార్కు, ఆ ఫాల్కన్స్ ఫ్లైట్ కోస్టర్ మన పాస్ డబ్బులతోనే కట్టారని చాలామంది అంటున్నారు. అది నిజమా? అప్పు తీర్చడానికి పార్కులు అమ్మేస్తే తప్పేంటి, అది కూడా చెప్పండి.

గిగా_గోపి:

ఖిద్దియా డబ్బు సౌదీ వాళ్లది. సిక్స్ ఫ్లాగ్స్ పేరిచ్చి, నడపడానికి ఫీజు తీసుకుంటుంది. మీ పాస్ డబ్బుకీ దానికీ సంబంధం లేదు.

అమ్మకం గురించి: నడుస్తున్న పార్కుని ఇంకొకరికి అమ్మడం వేరు, మూసి స్థలం అమ్మడం వేరు. రెండో దాన్లో సిక్స్ ఫ్లాగ్స్‌కి పాత దెబ్బ ఉంది. 2005లో హ్యూస్టన్‌లోని ఆస్ట్రోవరల్డ్ పార్కు మూసేటప్పుడు స్థలానికి 15 కోట్ల డాలర్ల దాకా వస్తుందనుకున్నారు. 2006లో వచ్చింది 7.7 కోట్లు, అందులోంచి కూల్చివేత ఖర్చు పోయింది. ఆ ఊరి సీజన్ పాస్ జనం మళ్లీ రాలేదు. 2009లో కంపెనీ దివాలా కోర్టుకెక్కింది. సెడార్ ఫెయిర్ కూడా తక్కువ తినలేదు, 2004లో 14.5 కోట్లకి జియాగా లేక్ అనే పార్కు కొని 2007లో మూసింది.

మేరీలాండ్‌లో సిక్స్ ఫ్లాగ్స్ అమెరికాని 2025 నవంబర్ 2న మూసేశారు, సుమారు 500 ఎకరాలు. కాలిఫోర్నియా శాంటా క్లారాలో గ్రేట్ అమెరికా పార్కు స్థలాన్ని 2022లోనే 31 కోట్లకి అమ్మి లీజు మీద నడుపుతున్నారు. ఒకసారి వచ్చే డబ్బు అప్పులో ఒక మూలకి పోతుంది. గ్రేట్ అమెరికా ధరే 500 కోట్లలో ఎంత శాతమో చూడండి, ఆరు. రాబడి తక్కువున్న పార్కులు అమ్మడానికి నాకు అభ్యంతరం లేదు, కొనేవాడు నడిపేవాడైతే.

జాక్సన్_గేటు:

సరే, బసూల్ కూడా 2025 చివరికి బోర్డు నుంచి దిగిపోయాడు. జానా పార్ట్‌నర్స్ అనే మదుపు సంస్థ, ఫుట్‌బాల్ ఆటగాడు ట్రావిస్ కెల్సీ ఉన్న బృందం చేతిలో 2025 అక్టోబర్ నాటికి సుమారు 9 శాతం వాటా ఉంది. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి గ్రేట్ అడ్వెంచర్ గంట లోపు దూరమని ఏటా పాస్ కొనే కుటుంబాలున్నాయి, అటు డాలస్ నుంచి ఆర్లింగ్టన్‌లోని సిక్స్ ఫ్లాగ్స్‌కి వెళ్లేవాళ్లున్నారు. రైలీ మాటలు నమ్మి కొనాలా, ఆగాలా? ప్రకటనలు కాకుండా చూసి తెలుసుకునే గుర్తేదైనా ఉందా?

రెండో_ట్రైన్:

ఉంది. పాస్ విషయంలో తొందరపడకండి. వచ్చే ఏడాది పాస్ వేసవి చివర్లో అమ్మకానికి పెడతారు, ఈ ఏడాది మిగిలిన రోజులు కూడా అందులో కలుస్తాయి. ధర చూడడానికి ముందు క్యాలెండర్ చూడండి. ఖర్చు తగ్గించేవాళ్లు ముందు ముట్టుకునేది పని వేళల్నే, రాత్రి 10 గంటల మూసివేత 8 అవుతుంది. అదే పాస్, అదే ధర, రోజుకి రెండు గంటలు తక్కువ.

ఇక గుర్తు. మే చివర్లో మెమోరియల్ డే వారాంతానికి వెళ్లి, ఏ కోస్టర్ కొత్తదో పట్టించుకోకుండా పదేళ్లు దాటిన పెద్ద కోస్టర్ ఒకటి ఎంచుకోండి. స్టేషన్ పక్కన ట్రాన్స్‌ఫర్ ట్రాక్ ఉంటుంది, వాడని ట్రైన్‌ని నిలిపే చోటు. అక్కడ ట్రైన్ నిండుగా, చక్రాలతో నిలబడి ఉంటే రైడ్ నడిపే మనుషులే తక్కువని అర్థం. అది రెండు వారాల్లో సరిచేయొచ్చు. ట్రాక్ ఖాళీగా ఉండి, లోపల షెడ్‌లో ట్రైన్ బండ్లు చక్రాలు లేకుండా స్టాండ్ల మీద కనిపిస్తే చలికాలం పని మిగిలిపోయిందని. అది ఆ సీజన్లో సరికాదు. టార్పాలిన్ కప్పి ఒక బండి తక్కువగా కనిపిస్తే దాని భాగాలు తీసి ఇంకో ట్రైన్‌కి వేశారన్నమాట. మే నెలలో అలా కనపడిన పార్కుకి నేనైతే ఆ ఏడాది పాస్ కొనమని చెప్పను.