గుర్రం రక్తంలో కొవ్వు ఎక్కువుందన్నారు, మేత తగ్గించేయాలా?

నాగావళి ఒడ్డు:
మాది శ్రీకాకుళం పక్క పల్లె. పెళ్ళి ఊరేగింపులకి తిప్పే పొట్టి రకం ఆడ గుర్రం ఉంది, వయసు ఇరవై దాటింది. మెడ మీద కొవ్వు గట్టిగా పేరుకుంది, ఎండలు ముదిరినా ఒంటి మీద పొడుగు బొచ్చు రాలడం లేదు, నీళ్ళు తెగ తాగుతోంది. పలాసలో పెళ్ళికి వ్యానులో తీసుకెళ్ళి తెచ్చినప్పటి నుంచి మేత ముట్టడం లేదు, డల్‌గా నిలబడిపోతోంది. డాక్టరు గారు రక్తం తీస్తే పైన తేరిన సీరం పాలు కలిపినట్టుంది, ట్రైగ్లిజరైడ్లు, అంటే రక్తంలో కొవ్వు, 600 దాటాయట, కుషింగ్స్ అనే హార్మోన్ జబ్బు కూడా ఉండొచ్చన్నారు. మా మావయ్యేమో "కొవ్వే కదా, పస్తు పెట్టు, అదే కరుగుతుంది" అంటున్నాడు. టెన్షన్‌గా ఉంది, ఏటి చేయాలి?

గరివిడి కుర్రాడు:
పస్తు మాత్రం పెట్టకండి. ఆ కొవ్వు మేతలోంచి వచ్చింది కాదు, దాని ఒంట్లోంచే వచ్చింది. తిండి ఆగగానే ఒళ్ళు దాచుకున్న కొవ్వు రక్తంలోకి దిగుతుంది, మామూలు గుర్రంలో ఇన్సులిన్ దానికి అడ్డుకట్ట వేస్తుంది, కానీ కుషింగ్స్ ఉన్న చాలా గుర్రాల్లో, బాగా ఒళ్ళు చేసిన పొట్టి వాటిలో ఆ ఇన్సులిన్ సరిగ్గా పని చేయదు కాబట్టి కొవ్వు ఆగకుండా వచ్చి కాలేయంలో పేరుకుపోతుంది. కాలేయం దెబ్బతింటే ఉన్న ఆకలీ పోతుంది. ట్రైగ్లిజరైడ్లు 500 దాటి సీరం తెల్లబడిందంటే ఎమర్జెన్సీ కిందే లెక్క. ముక్కులోంచి గొట్టం వేసి జావ పట్టడం, సెలైన్‌తో గ్లూకోజ్, అవసరమైతే ఇన్సులిన్, ఇవన్నీ డాక్టరు చేతిలో పని. పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేసి డాక్టర్నే ఇంటికి రప్పించండి, ప్రయాణం కూడా దానికి స్ట్రెస్సే, ఆయన చెప్తే తప్ప మళ్ళీ వ్యాను ఎక్కించొద్దు.

బొబ్బిలి రౌతు:
అంతా బాగుంది గానీ, కుషింగ్స్ గుర్రానికి బెల్లం, తవుడు పెడితే లామినైటిస్ వచ్చి గిట్టలు పట్టేస్తాయి అని కూడా మీరే చెప్తారు కదా. ఇప్పుడు గ్లూకోజ్ ఎక్కించమంటే ఎలా?

గరివిడి కుర్రాడు:
మంచి ప్రశ్న గురువు గారూ. రెండూ నిజమే, వేళ వేరు. తిండి మానేసిన గుర్రానికి ముందు కాలేయాన్ని కాపాడాలి, అది తినేది ఏదైనా సరే తిననివ్వాలి, పచ్చగడ్డి పరకలు చేత్తో అందించినా పర్వాలేదు, గిట్టలు మాత్రం రోజూ చూసుకుంటూ ఉండాలి. తేరుకున్నాక తీపి, ధాన్యం తగ్గించి మెల్లగా ఒళ్ళు దించాలి, ఒక్కసారిగా కడుపు మాడ్చకూడదు. కుషింగ్స్ అని తేలితే పెర్గోలైడ్ మందు ఇస్తారు, అది మొదలుపెట్టిన కొత్తలో కొన్నిటికి ఆకలి తగ్గుతుంది కాబట్టి ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్నే తేల్చనివ్వండి. గాడిదలున్నవాళ్ళూ ఇది గుర్తుంచుకోండి, వాటికి ఇలా రక్తంలో కొవ్వు పెరిగే జబ్బు ఇంకా తొందరగా వస్తుంది.

నాగావళి ఒడ్డు:
1962 వాళ్ళు బయల్దేరారు. ఈలోగా బెల్లం నీళ్ళు సీసాతో నోట్లో పొయ్యమంటారా?

బొబ్బిలి రౌతు:
వద్దు బాబూ, ఊపిరితిత్తుల్లోకి పోతే కొత్త ముప్పు. మంచి నీళ్ళ బకెట్ ఒకటి, బెల్లం కలిపింది ఒకటి పక్కపక్కన పెట్టండి, ఏది కావాలంటే అది తాగుతుంది.