సరిహద్దు తాలూకాల్లో జనం ఏ వార్తలు పట్టించుకుంటున్నారో తెలుసుకోవడానికి ఏ డేటాను నమ్మవచ్చు?

ప్రశ్న: ప్రాణహిత తీరం, సిరోంచ (గడ్చిరోలి జిల్లా)

అందరికీ నమస్కారం. నేను జర్నలిజంలో పీజీ చేస్తున్నాను. మా సిరోంచ తాలూకాలోని తెలుగువారు ఏ వార్తలను పట్టించుకుంటారు, ఆ ఆసక్తి ఎన్నాళ్లు నిలుస్తుంది అన్నది నా ప్రాజెక్టు విషయం. ప్రధాన ఉదాహరణగా మేడిగడ్డ బ్యారేజీని తీసుకున్నాను. దాని ఒక చివర జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో ఉంటే, రెండో చివర మా తాలూకాలో ఉంది. 2019 జూన్ 21న ప్రారంభమైన ఆ బ్యారేజీ వెనుక జలాలతో తమ పొలాలు మునుగుతున్నాయని ఇక్కడి రైతులు చాలాకాలంగా మొరపెట్టుకుంటున్నారు. 2023 అక్టోబరు 21 సాయంత్రం ఏడో బ్లాకులో పియర్లు (బ్యారేజీని మోసే స్తంభాలు) కుంగిన తరువాత మాత్రం, నవంబరు 30న తెలంగాణ ఎన్నికలు ఉండడంతో, తెలుగు పత్రికల్లో ఆ వార్త చాలా వరకు ఎన్నికల వార్తగానే వచ్చింది.

గూగుల్ ట్రెండ్స్‌లో (జనం గూగుల్లో ఏ మాటను ఎంతగా వెతుకుతున్నారో చూపే సాధనం) మహారాష్ట్రను ఎంచుకుని తెలుగు లిపిలో ‘మేడిగడ్డ’ అని వెతికితే దాదాపు అన్ని వారాలకూ సున్నాలే వచ్చాయి. తెలంగాణను ఎంచుకుంటే అదే మాటకు అక్టోబరు చివర గీత నిలువునా లేచింది. మా వైపు ఊళ్లలో నలుగురు కూర్చున్న చోట బ్యారేజీ మాట రాకుండా ఉండదు. అందువల్ల ఆ సున్నాలను చూసి ‘ఇక్కడివారికి ఆసక్తి లేదు’ అని రాయడానికి నాకు మనసొప్పడం లేదు. అలాగని మనసొప్పలేదన్నది ఒక రుజువు కాదు. ఒక తాలూకా స్థాయిలో వార్తలపై జనం ఆసక్తిని కొలవడానికి పనికివచ్చే డేటా ఏదైనా ఉందా? అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

జవాబు: గణాంకాల మాస్టారు, దెగ్లూర్ (నాందేడ్ జిల్లా)

ఆ సున్నాలను ఆసక్తి లేకపోవడంగా రాయకండి. ట్రెండ్స్ ఇచ్చే అంకె ఎంతమంది వెతికారో చెప్పే లెక్క కాదు. మీరు ఎంచుకున్న ప్రాంతంలో, మీరు ఎంచుకున్న కాలంలో జరిగిన మొత్తం వెతుకులాటల్లో ఆ మాట వాటా ఎంతో చూసి, ఆ వాటా అన్నిటికన్నా ఎక్కువగా ఉన్న సమయాన్ని 100 అనుకుని, మిగతా సమయాలను దానితో పోల్చి చూపే కొలత అది. వెతికినవారు మరీ తక్కువగా ఉంటే అసలు అంకె చూపకుండా సున్నా వేస్తారు. 2011 జనగణన నాటికే మహారాష్ట్ర జనాభా 11 కోట్లు దాటింది. వారిలో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 13 లక్షల మంది అయితే, వారు ముంబయి, సోలాపూర్, భివండీ వంటి నగరాల నుంచి మన సరిహద్దు తాలూకాల దాకా చెదిరి ఉన్నారు. అంత పెద్ద రాష్ట్రపు వెతుకులాటల్లో సిరోంచ ఒక్కదాని వాటా కంటికి ఆనదు. మన దేశానికి ట్రెండ్స్‌లో జిల్లాను విడిగా ఎంచుకునే వీలు కూడా లేదు.

దీనికి తోడు, మీ ఊరివాళ్లు వెతికినదంతా మహారాష్ట్ర ఖాతాలోనే పడుతుందన్న నమ్మకం కూడా లేదు. ఫోను ఎక్కడుందన్నది చాలాసార్లు నెట్‌వర్కు చిరునామాను బట్టి అంచనా వేస్తారు. నది ఒడ్డున ఉన్న ఫోను అవతలి టవరును అందుకుంటే ఆ వెతుకులాట తెలంగాణదిగా నమోదయ్యే అవకాశం ఉంది. కాబట్టి మీరు చూసిన తెలంగాణ గీతలో సిరోంచవాళ్లు కొందరు కలిసే ఉండవచ్చు, వారిని విడదీసి చూపడం మాత్రం ఎవరి తరమూ కాదు.

అయినా ట్రెండ్స్‌ను పూర్తిగా పక్కన పెట్టనక్కరలేదు. తెలుగు లిపిలో ఒక్క మాటకే పరిమితం కాకుండా ఇంగ్లీషు అక్షరాల్లోనూ, మరాఠీలో రాసే పద్ధతిలోనూ వెతికి చూడండి. ఇక్కడి కుర్రాళ్లు ఫోనులో తెలుగును కూడా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొడతారు. వీలైన చోట మాటను కాక ‘టాపిక్’ను ఎంచుకుంటే వేర్వేరు భాషల్లో జరిగిన వెతుకులాటలు ఒకచోటికి వస్తాయి. యూట్యూబ్ వెతుకులాటను విడిగా చూపే సదుపాయం ఉంది, దాన్ని తప్పక చూడండి, ఎందుకంటే మన ప్రాంతంలో వార్తలను చదివేవారికన్నా వీడియోల్లో చూసేవారే ఎక్కువగా కనిపిస్తున్నారు. ఇది నమూనా మీద నడిచే లెక్క గనుక చిన్న ప్రాంతాలకు ఈ రోజు వచ్చిన అంకె రేపు రాకపోవచ్చు. వేర్వేరు రోజుల్లో దించుకుని సగటు తీయడం మంచిది. 2022 జనవరి 1 నుంచి డేటా సేకరణ పద్ధతిని మార్చినట్టు గీత మీదే చిన్న గుర్తు ఉంటుంది. మీరు 2019నూ 2023నూ పోల్చబోతున్నారు గనుక ఆ గుర్తును చూడకుండా ముందుకు పోవద్దు.

దీనికి జోడీగా వికీపీడియా వీక్షణల లెక్కను వాడవచ్చు. 2015 జూలై నుంచి ప్రతి వ్యాసాన్ని ఏ రోజు ఎన్నిసార్లు తెరిచారో ఎవరైనా ఉచితంగా చూడవచ్చు, అందులో మనుషుల వీక్షణలను యంత్రాల వీక్షణల నుంచి వేరుచేసి చూపుతారు. ట్రెండ్స్‌లా ఇది పోలిక కాదు, నిజమైన లెక్క. మేడిగడ్డ బ్యారేజీ ఒక భాగంగా ఉన్న కాళేశ్వరం పథకం గురించిన వ్యాసాన్ని తెలుగులోనూ మరాఠీలోనూ ఎప్పుడెప్పుడు ఎక్కువగా తెరిచారో పక్కపక్కన పెట్టి చూస్తే, ఒకే సంఘటన రెండు భాషలవారిని ఒకే రోజున కదిలించిందా, ఎన్ని రోజుల్లో చల్లబడింది అన్నది తెలుస్తుంది. అయితే ఆ చదివినవారు హైదరాబాదులో ఉన్నారా, సిరోంచలో ఉన్నారా అన్నది ఆ లెక్క చెప్పదు. మన ఇబ్బందంతా ఇక్కడే ఉంది: రాష్ట్రాన్ని బట్టి కొలిచే డేటాలో మనం మహారాష్ట్రలో కలిసిపోతాం, భాషను బట్టి కొలిచే డేటాలో తెలుగు రాష్ట్రాల్లో కలిసిపోతాం. రెండూ ఒకచోట పట్టి చూపేది 2011 జనగణనలోని మాతృభాషల పట్టిక, సి-16. అది తాలూకా స్థాయి వరకు దొరుకుతుంది. అందులో వార్తల ప్రసక్తి ఉండదు గానీ, మీరు ఎవరి ఆసక్తిని కొలుస్తున్నారో చెప్పడానికి మొదట కావలసింది ఆ పట్టికే.

జవాబు: పాత ఏజెంటు, రాయగడ (ఒడిశా)

మాస్టారు గారు చెప్పినది నాకు తెలిసిన మేరకు మా వైపుకూ అక్షరాలా వర్తిస్తుంది. నేను చాలా ఏళ్లు ఇక్కడ తెలుగు, ఒడియా పత్రికల ఏజెన్సీ నడిపాను గనుక కాగితం వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

మీ ఊరి పత్రికల ఏజెంటు దగ్గర ఒక నోటుపుస్తకం ఉంటుంది. ఏ పత్రిక ఎన్ని కాపీలు దిగింది, చందాదారులకు ఎన్ని పోయాయి, కొట్టు మీద ఎన్ని అమ్ముడయ్యాయి, ఎన్ని రిటర్న్ పోయాయి అన్నది ఏ రోజుకారోజు అందులో రాసుకుంటారు. చందా కాపీల అంకె నెలల తరబడి కదలదు, దాని మీద ఆధారపడితే జనానికి ఏ రోజూ దేని మీదా ఆసక్తి లేనట్టే కనిపిస్తుంది. కదిలేది కొట్టు మీద అమ్మకం. పరీక్షా ఫలితాల రోజున, ఎన్నికల లెక్కింపు మర్నాడు, పెద్ద ప్రమాదం జరిగిన మర్నాడు రిటర్న్ కట్ట సన్నబడిపోతుంది. ఏజెంటును మర్యాదగా అడిగి, ఆయన పేరు రాయనని మాట ఇచ్చి, ఆ పుస్తకంలోని కొన్ని నెలల పేజీలు చూడండి. పత్రికల అమ్మకాలను తనిఖీ చేసే ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ ఆరేసి నెలలకు ఇచ్చే లెక్క పత్రిక బలాన్ని చెబుతుందే తప్ప, ఏ రోజు ఏ వార్త కోసం జనం కొట్టు దగ్గరికి వచ్చారో చెప్పదు. మరొక సంగతి కూడా గుర్తుంచుకోండి. టీ కొట్టులోని ఒక్క పత్రికను పొద్దుగూకేలోపు ఎంతమంది తిరగేస్తారో ఏ పుస్తకంలోనూ ఉండదు. కొట్టు యజమాని పక్కన ఒక పూట కూర్చుని, ఎవరు ముందుగా ఏ పేజీ తీస్తున్నారో చూసి రాసుకుంటే, మీకు కావలసిన సమాచారంలో కొంత అక్కడే దొరుకుతుంది.

సున్నాల గురించి నా అనుభవం ఒకటి ఉంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. శ్రీకాకుళం జిల్లాలో ఉద్దానం తోటలు నేలమట్టమయ్యాయి, మా పక్కనున్న గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి ప్రాణాలు పోయాయి. అంతకుమించి జనం వార్త కోసం తపించిన రోజులు నేను చూడలేదు. ఆ రోజుల్లోనే దెబ్బతిన్న ఊళ్లకు కట్టలు చేరలేదు, కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. ఆ తేదీలకు ఏ లెక్క తీసినా అమ్మకం లేదనీ, వెతుకులాట లేదనీ వస్తుంది. 2022 జూలై గోదావరి వరదలో మీ సిరోంచ వైపు కూడా ఇలాంటిదే జరిగి ఉంటుందని అనుకుంటున్నాను. ఆసక్తి ఎక్కువగా ఉన్న చోటే డేటా ఆగిపోతుందన్నది మీ ప్రాజెక్టులో తప్పకుండా రాయండి. ఆ వరదల్లో తెలుగు పత్రికలన్నీ భద్రాచలం నీటిమట్టాన్నే పతాక శీర్షికల్లో పెట్టాయి, జూలై 16న అక్కడ 71.3 అడుగులు నమోదైంది. ఆ నీళ్లు మీ ఊరు దాటాకే భద్రాచలం చేరతాయి.

సరిహద్దు వార్త అయితే ఇంకో చిక్కు. కొరాపుట్ జిల్లాలోని కొటియా గ్రామాల మీద ఒడిశాకూ ఆంధ్రప్రదేశ్‌కూ మధ్య వివాదం 1968లోనే సుప్రీంకోర్టుకు చేరింది. 2021లో అక్కడ ఆంధ్రప్రదేశ్ పంచాయతీ ఎన్నికలు పెట్టినప్పుడు మళ్లీ రగిలింది. అదే సంఘటనను ఒడియా పత్రికలు ఒక తీరులో, తెలుగు పత్రికలు మరో తీరులో రాశాయి. ఇక్కడివాళ్లు రెండూ చదివారు. ఒక్క భాషలో మాత్రమే డేటా తీస్తే మన మనిషి చదివిన దానిలో సగమే మీ చేతికి వస్తుంది.

జవాబు: బల్లార్‌పూర్ వాసి (చంద్రపూర్ జిల్లా)

టీవీ విషయం కొద్దిగా చెబుతాను. ఏ చానెల్‌ను ఎంతమంది చూశారో కొలిచే బార్క్ సంస్థ రేటింగులు దేశమంతటా 50 వేలకు పైగా ఇళ్లలో పెట్టిన మీటర్ల మీద ఆధారపడతాయి, తాలూకా స్థాయిలో వాటితో ఏమీ తేల్చలేము. వార్తా చానెళ్ల రేటింగులను 2020 అక్టోబరులో నిలిపివేసి 2022 మార్చిలో తిరిగి మొదలుపెట్టారు గనుక ఆ మధ్యకాలం ఖాళీ. రాయిటర్స్ ఇన్‌స్టిట్యూట్ ఏటా వెలువరించే డిజిటల్ న్యూస్ రిపోర్టులో 2021 నుంచి భారతదేశం ఉన్నా, అందులో అడిగేది ప్రధానంగా ఇంగ్లీషు వచ్చి ఆన్‌లైన్లో వార్తలు చూసేవారిని. దానిలోని శాతాలను మన ఊళ్లకు అంటించవద్దు. ఫేస్‌బుక్ పోస్టులు ఎంతగా వ్యాపించాయో చూడడానికి పరిశోధకులు వాడుకున్న సాధనం క్రౌడ్‌టాంగిల్‌ను దాని యాజమాన్య సంస్థ మెటా 2024 ఆగస్టు 14న మూసివేసింది. పాత వ్యాసాల్లో దాని పేరు చూసి సమయం వృథా చేసుకోకండి.

ప్రాణహిత తీరం

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇంకొక్క సందేహం. మా దగ్గర వార్త చాలావరకు వాట్సాప్ గ్రూపుల్లో పేపర్ కటింగుగా తిరుగుతుంది. ఎవరో జిల్లా పేజీలోని వార్తను ఫోటో తీసి, ముఖ్యమైన వాక్యం చుట్టూ ఎర్రటి గీత గీసి పెడతారు. దాన్ని చదివినవాళ్లు మళ్లీ ఎక్కడా వెతకరు. గ్రూపుల్లో అలా వచ్చిన కటింగులను లెక్కపెట్టవచ్చునా?

జవాబు: గణాంకాల మాస్టారు, దెగ్లూర్

గ్రూపులోని సందేశాలను సభ్యులకు తెలియకుండా మీ ప్రాజెక్టులోకి తీసుకోవద్దు. గడ్చిరోలి వంటి జిల్లాలో ఎవరు ఏ వార్తను పంపారు, ఏ వార్తను చూశారు అన్నది బయటికి పొక్కితే మీకు మామూలుగా తోచినది వారికి ఇబ్బంది కావచ్చు. అడవిలోని మావోయిస్టు సంఘటనల వార్తలను చదివామని చెప్పడానికి కూడా కొందరు వెనుకాడతారు, ఆ వెనుకాటును గౌరవించాలి. పేర్లు, ఫోన్ నంబర్లు అసలు తీసుకోకండి.

దానికన్నా డైరీ పద్ధతి మేలు. ఒప్పుకున్న కొందరికి చిన్న నోటుపుస్తకం ఇచ్చి, ప్రతి రాత్రీ ఆ రోజు తాము పట్టించుకున్న వార్త ఏది, అది మొదట ఎలా చేరింది (మనిషి నోటి ద్వారానా, కటింగుగానా, వీడియోగానా, పత్రికలోనా), ఏ భాషలో చేరింది, దాని గురించి ఎవరితోనైనా మాట్లాడారా అని నాలుగు ముక్కలు రాయమనండి. రాయడం రానివారి దగ్గరకు మీరే వెళ్లి అడిగి రాసుకోండి. ఆడవాళ్లను వదిలేయకండి. టీ కొట్టులో కూర్చుంటే వారి మాట మీకు వినబడదు. వానాకాలం మొదలు కాకముందే ప్రారంభిస్తే నీళ్లు పెరిగే వారాల్లో ఆసక్తి ఎటు మళ్లుతుందో పట్టుకోగలరు. కేంద్ర జల సంఘం ప్రకటించే నీటిమట్టాలను పక్కన పెట్టి చూడవచ్చు.

ఎంతమందిని అడగాలన్న భయం పెట్టుకోకండి. పత్రికలు దేనికి ప్రాధాన్యమిస్తే జనం దాన్నే ముఖ్యమనుకుంటారా అన్న ప్రశ్నకు మెక్‌కూంబ్స్, షా అనే ఇద్దరు పరిశోధకులు 1968 అమెరికా అధ్యక్ష ఎన్నికల సమయంలో చాపెల్ హిల్ అనే ఒక్క ఊళ్లో, ఎవరికి ఓటు వేయాలో ఇంకా తేల్చుకోని 100 మందిని మాత్రమే అడిగి, అక్కడ చేరే పత్రికలు, టీవీ వార్తలతో పోల్చి చూశారు. 1972లో అచ్చయిన ఆ వ్యాసాన్ని వార్తల మీద పరిశోధన చేసేవారు నేటికీ మొదటి పాఠంగా చదువుతారు. ఆ పోలికే మీకూ పనికివస్తుంది. మీ ఊరికి చేరే తెలుగు, మరాఠీ పత్రికల్లో ఆ వారాల్లో ఏ అంశానికి ఎంత చోటు దక్కిందో కొలవండి, డైరీల్లో ఏ అంశం ఎన్నిసార్లు వచ్చిందో పక్కన పెట్టండి. ముంపు పరిహారం, పంట నష్టం, వంతెన, ఆసుపత్రి వంటివి డైరీల్లో పదేపదే వచ్చి, ఏ పత్రికలోనూ చోటు దక్కకపోతే మీ ప్రాజెక్టు చెప్పవలసింది అదే అవుతుంది. ట్రెండ్స్ సున్నాలను ఆ పట్టిక కిందనే అచ్చు వేయండి.

ప్రాణహిత తీరం

అలాగే చేస్తాను, మాస్టారూ. సి-16 పట్టికతో మొదలుపెట్టి, మా బస్టాండు దగ్గరి ఏజెంటును ఈ వారంలోనే కలుస్తాను. డైరీలకు జూన్ నుంచి అక్టోబరు దాకా గడువు పెట్టుకుంటున్నాను. ప్రశ్నల ముసాయిదా తెలుగులోనూ మరాఠీలోనూ సిద్ధం కాగానే ఇక్కడే పెడతాను. రాయగడ పెద్దలు కూడా చూసి, ఎక్కడైనా మాట పొరపాటుగా ఉంటే సరిదిద్దగలరు.