ఆదివారం సంత, కాటాలో తరుగు: దేవునికి మొదటి చోటు ఇవ్వాలంటే నేనేం చేయాలి?

గుణుపూర్ చెల్లి:

అందరికీ వందనాలు. మాది రాయగడ జిల్లాలో గుణుపూర్ దగ్గర ఒక సంత ఊరు. ఇక్కడ అందరూ అందరికీ తెలుసు కాబట్టి ఊరి పేరు రాయడం లేదు. మాకు కిరాణా కొట్టు ఉంది. ఉప్పు, నూనె, సబ్బులు, ఎండు చేపలు అమ్ముతాం. కొండల మీద నుంచి సవరవాళ్ళు తెచ్చే చింతపండు, కొండచీపుర్లు, జీడిపిక్కలు కొంటాం. ఇన్నాళ్ళూ అన్నీ మా మావయ్యే చూసుకునేవారు. ఆయనకు పక్షవాతం వచ్చాక కొట్టు నా చేతికి వచ్చింది. మా ఆయన లారీ డ్రైవరు, రాయ్‌పూర్, విశాఖ లైనులో తిరుగుతారు. ఇంట్లో ఉండేది తక్కువ.

నేను పెళ్ళికి ముందే పాతపట్నంలో బాప్తిస్మం తీసుకున్నాను. పొద్దున్నే షట్టరు ఎత్తకముందు పిల్లలతో ప్రార్థన చేస్తాం. వాళ్ళది ఒడియా మీడియం, తెలుగు చదవడం రాదు. పెద్దది ఒడియా బైబిల్లో ఒక వచనం చదువుతుంది, అదే నేను తెలుగులో చదువుతాను. ఈ మధ్య మత్తయి ఆరో అధ్యాయం చదివాం. మొదట ఆయన రాజ్యాన్ని, నీతిని వెదకమనే మాట దగ్గర ఆగిపోయాను. చదవడం సులువుగానే ఉంది. షట్టరు ఎత్తిన తర్వాతే నాకు రెండు విషయాల్లో దారి తెలియడం లేదు.

ఒకటి, మా సంత ఆదివారం. ఎనిమిదికి మొదలై మధ్యాహ్నం రెండు దాకా నడుస్తుంది. ఆరాధన తొమ్మిదిన్నరకు. వారం మొత్తం అమ్మేది ఒక ఎత్తు, సంతరోజు అమ్మేది ఒక ఎత్తు. కొట్టు మూస్తానంటే అత్తయ్య "మావయ్య మందులు ఎక్కడి నుంచి వస్తాయి" అని అడుగుతారు. ఆమె మాటలో తప్పు లేదు.

రెండోది నన్ను ఇంకా ఎక్కువ బాధపెడుతోంది. చింతపండులో తేమ ఉంటుంది, గింజ ఉంటుంది, దానికి కొంత తగ్గించడం ఎక్కడైనా ఉంది. మా వైపు నడిచేది అది కాదు. కాటా మీద 20 కిలోలు కనిపిస్తే చీటీ మీద 18 రాస్తారు. సరుకు గలగలా ఎండి ఉన్నా అంతే. తెచ్చినవాళ్ళకు ఆ సంగతి చెప్పరు. పట్నంలో మాకు అడ్వాన్సు ఇచ్చే షావుకారు మా దగ్గర కూడా అలాగే తరుగు తీస్తాడు. అంటే నేను కొండవాళ్ళ దగ్గర తీయకపోతే ఆ నష్టం నా మీద పడుతుంది. చింతపండు సీజను దగ్గరకొచ్చింది. ఈ ఏడు కాటా దగ్గర నిలబడేది నేనే.

వాక్యం తెలిసినవాళ్ళు, ముఖ్యంగా వ్యాపారం చేసేవాళ్ళు చెప్పండి. రాత్రిళ్ళు చాలా టెన్షన్‌గా ఉంటోంది.

బరంపురం టైలర్:

సహోదరీ, ఆదివారం మూసేయండి. నేను కుట్టుపని చేస్తాను. పెళ్ళిళ్ళ సీజనులో ఎంత ఒత్తిడి ఉన్నా ఆదివారం మిషను మీద గుడ్డ కప్పేస్తాను. గిరాకీలు కొందరు పోయారు, కొత్తవాళ్ళు వచ్చారు. నిర్గమకాండం 16వ అధ్యాయం చూడండి. అరణ్యంలో దేవుడు ఇచ్చిన ఆహారం మన్నా ఏడో రోజు కురవదు కాబట్టి దేవుడు ఆరో రోజే రెండింతలు ఇచ్చాడు. నెహెమ్యా 13లో తూరువాళ్ళు విశ్రాంతిదినాన చేపలు తెచ్చి అమ్ముతుంటే ఆయన యెరూషలేము తలుపులు మూయించాడు. మీరు నమ్మి ఒక అడుగు వేయండి.

తరుగు సంగతి వ్యాపారంలో అందరూ చేసేదే. షావుకారుతో తెగేదాకా లాగకండి, అడ్వాన్సు ఆగిపోతే ఇబ్బంది పడతారు.

రాయగడ నర్సు:

అక్కా, నేను ఆసుపత్రిలో పనిచేస్తాను. ఆదివారం డ్యూటీ పడితే వెళ్ళాల్సిందే. లూకా 13లో ప్రభువు, మీరు విశ్రాంతిదినాన ఎద్దును విప్పి నీళ్ళకు తోలుకెళ్ళరా అని అడిగాడు కదా, అది నాకు ధైర్యం. కానీ నా డ్యూటీని, మీ కొట్టును ఒకటే అని మాత్రం చెప్పలేను. డ్యూటీ ఉన్న వారం నేను సాయంత్రం కూటానికి వెళ్తాను. మీ పాస్టరు గారిని ఇంకో సమయం పెట్టమని అడిగారా? సంతకు వచ్చేవాళ్ళలో కూడా విశ్వాసులు ఉంటారు కదా, వాళ్ళకూ ఇదే ఇబ్బంది ఉండి ఉంటుంది.

జయపురం మాస్టారు:

అమ్మా, నేను బడిలో లెక్కలు చెప్పి రిటైరయ్యాను. మాది లూథరన్ సంఘం. మీరు అడిగిన రెండింటిలో ఆదివారం గురించే అందరూ మాట్లాడారు. నా మటుకు కాటా విషయమే ముందు తేల్చుకోవాలనిపిస్తోంది, ఎందుకో చెబుతాను.

ఆమోసు 8వ అధ్యాయం తెరవండి. క్రీస్తుపూర్వం 8వ శతాబ్దం, ఇశ్రాయేలు రాజ్యం బాగా డబ్బు చూస్తున్న కాలం. తెకోవ అనే ఊరి నుంచి వచ్చిన పశువుల కాపరి, ఆమోసు ప్రవక్త, వర్తకుల మనసులోని మాటను వాళ్ళ నోటితోనే పలికిస్తాడు. విశ్రాంతిదినం ఎప్పుడు గడుస్తుంది, ధాన్యం ఎప్పుడు అమ్ముకుందాం, కొలత చిన్నది చేసి, ధర పెద్దది చేసి, దొంగత్రాసుతో ఎప్పుడు తూచుదాం అని వాళ్ళు కాచుకుని ఉన్నారు. చూడండి, వాళ్ళు విశ్రాంతిదినాన కొట్లు తెరవలేదు. ఆజ్ఞ పాటించినట్టే కనిపిస్తున్నారు. అయినా వాళ్ళ పనులు ఎన్నటికీ మరచిపోనని దేవుడు ప్రమాణం చేసి మరీ చెప్పాడు. ఈ అధ్యాయం చదివినప్పుడల్లా నాకు భయమేస్తుంది.

ఇప్పుడు లేవీయకాండం 19. మూడో వచనంలో ఒకసారి, ముప్పయ్యో వచనంలో మళ్ళీ విశ్రాంతిదినాలను ఆచరించమంటాడు. 35, 36 వచనాల్లో న్యాయమైన త్రాసు, న్యాయమైన గుండ్లు మీకు ఉండాలంటాడు. ఆ రెండింటి మధ్య, 34వ వచనంలో ఏముందో చూశారా? మీ మధ్య ఉండే పరదేశిని నీలాగే ప్రేమించు, మీరూ ఐగుప్తులో పరదేశులే అని. పరదేశిని ప్రేమించమన్న వెంటనే కాటా మాట ఎత్తాడు. కారణం సంతలో నిలబడితే తెలుస్తుంది. మన భాష రానివాడు, చీటీ చదవలేనివాడు, చీకటితో కొండ దిగి మళ్ళీ చీకటిపడేలోగా ఇల్లు చేరాల్సినవాడు మీ కాటా ముందుకు వస్తాడు. నిజానికి కొండ వాళ్ళది, ఆ లెక్కన పరదేశులం మనమే. వాళ్ళకు ఇంకెంత న్యాయం చేయాలో ఆలోచించండి.

ద్వితీయోపదేశకాండం 25లో సంచిలో పెద్దదీ చిన్నదీ రెండు రకాల గుండ్లు ఉంచుకోవద్దని ఉంది. ఆ రోజుల్లో గుండ్లంటే రాళ్ళు. యూదా దేశపు తవ్వకాల్లో అలాంటివి చాలా దొరికాయి. షెకెలు అనే తూకపు రాయి 11 గ్రాములకు కాస్త పైన, మన పాత తులానికి కొంచెం తక్కువ. దాని అంచు కాస్త చెక్కేస్తే చేతికి తేడా తెలియదు. ఇవాళ మన కాటా కరెంటుది. సీలు ఉంటుంది, అంకె కూడా సరిగ్గానే చూపిస్తుంది. మోసం కాటా నుంచి చీటీ మీదకు మారింది, అంతే.

అందుకే బరంపురం సోదరుడితో ఒక్క విషయంలో నేను ఒప్పుకోను. ఆయన ఆదివారం మిషను ఆపడం చూసి దేవునికి స్తోత్రం చెబుతున్నాను. కానీ తరుగును వ్యాపారం అని పక్కన పెట్టి, ఆదివారాన్ని భక్తి అని వేరే ఉంచితే, ఆమోసు వర్తకులు చేసినది అదే. మా సంఘానికి ఆ పేరు వచ్చిన మార్టిన్ లూథర్ 1529లో రాసిన పెద్ద ప్రశ్నోత్తరి అనే పుస్తకంలో విశ్రాంతిదినం గురించి చెప్తూ, ఒక రోజు మరో రోజుకన్నా గొప్పదేమీ కాదు, పని చేసేవాళ్ళకు అలసట తీరాలి, అందరూ కలిసి వాక్యం వినాలి, రోజు ఉన్నది అందుకే అంటాడు. దొంగిలవద్దనే ఆజ్ఞ దగ్గరకు వచ్చేసరికి నేరుగా బజారుకే వెళ్ళి తప్పుడు తూకాలను, చెడ్డ సరుకును దొంగతనం కిందే లెక్కగడతాడు.

ఇక మీ ఆదివారం. సుమారు 112లో ప్లినీ అనే రోమా అధికారి ట్రాజన్ చక్రవర్తికి రాసిన ఉత్తరం ఒకటి ఇప్పటికీ ఉంది. నిర్ణయించుకున్న రోజున క్రైస్తవులు తెల్లవారకముందే కూడుకుని క్రీస్తును దేవుడిగా కీర్తిస్తారని, దొంగతనం చేయబోమని, మాట తప్పబోమని, నమ్మి దాచమని ఇచ్చినదాన్ని ఎగవేయబోమని ఒట్టు పెట్టుకుంటారని అందులో రాశాడు. ఆ కాలంలో ఆదివారం సెలవు కాదు. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి శాసనం వచ్చేదాకా దానికి రాజ్యంలో సెలవు లేదు. బానిసలు, కూలీలు, చిన్న వర్తకులు చీకట్లోనే ఆరాధించి పనికి పోయేవాళ్ళు. కాబట్టి మీ పాస్టరు గారిని ఐదున్నరకో ఆరుకో ఒక ఆరాధన పెట్టమని ధైర్యంగా అడగండి. సంతరోజు కొట్లో సాయానికి ఎవరైనా వస్తుంటే వాళ్ళకు వారంలో ఇంకో రోజు పూర్తిగా సెలవు ఇవ్వండి, దాసదాసీలకూ విశ్రాంతి ఉండాలని ద్వితీయోపదేశకాండం 5:14 చెప్పేది వాళ్ళ గురించే. మీరూ ఆ రోజు షట్టరు దించండి. రోమా 14:5 ప్రకారం ఈ విషయంలో మీ మనస్సు మీకు రూఢి కావాలి. కాటా విషయంలో మాత్రం అలాంటి వెసులుబాటు బైబిల్లో నాకెక్కడా కనబడలేదు.

గుణుపూర్ చెల్లి:

మాస్టారూ, లేవీయకాండం 19 పిల్లలతో కలిసి చదివాను. పెద్దది ఒడియాలో చదువుతూ మధ్యలో ఆగి, "అమ్మా, అంటే మన కాటాయేనా" అని అడిగింది. అవునన్నాను.

మా ఆయనతో ఫోనులో మాట్లాడాను. తరుగు తీయకుండా కొంటే ఎంత మిగులుతుందో ఇద్దరం లెక్క వేశాం. మిగిలేది తక్కువే, కానీ నష్టం లేదు. చీపుర్లు కట్టల లెక్కన కొంటాం, వాటికి ఈ బాధ లేదు. జీడిపిక్కలకు గుణుపూర్‌లోనే ఇంకో కొనుగోలుదారు ఉన్నాడట, ఆయన దగ్గర అడ్వాన్సు ఉండదు, తూచి వెంటనే డబ్బు ఇస్తాడు. పాస్టరు గారిని కూడా అడిగాను. వంశధార అవతలి నుంచి సంతకు వచ్చే రెండు కుటుంబాలు ఇదే అడిగాయట. ఆలోచిస్తామన్నారు. కొట్లో సాయానికి వచ్చే అబ్బాయికి బుధవారం సెలవు అని చెప్పేశాను. వాడి సంతోషం చూడాలి.

అత్తయ్య ఇంకా ఒప్పుకోలేదు. ఆవిడతో గొడవ పెట్టుకోవాలని లేదు, తల్లిదండ్రులను సన్మానించమన్నది కూడా దేవుడే. షావుకారు అడ్వాన్సు ఇంకా కొంత తీరలేదు. ఆ బాకీ ఉండగా వేరేవాళ్ళకు సరుకు అమ్మితే మాట తప్పినట్టు అవుతుందా? ఇది కూడా చెప్పండి.

జయపురం మాస్టారు:

అమ్మా, సరుకు ఆయనకే ఇస్తామని మీ మావయ్య మాట ఇచ్చి అడ్వాన్సు తీసుకుని ఉంటే, ఆ బాకీ తీరేదాకా ఆయనకే ఇవ్వండి. ఆయన తరుగు తీసినా ఈ సీజనుకు ఆ నష్టం మీరే భరించండి, కొండవాళ్ళ మీదకు తోయకండి. 15వ కీర్తన 4వ వచనం చూడండి, ప్రమాణం చేసినందువల్ల నష్టం వచ్చినా మాట తప్పనివాడి గురించి ఉంది. మాట ఇవ్వకుండా ఉత్త అప్పుగా తీసుకున్నదైతే డబ్బు కట్టేస్తే చాలు, సరుకు ఎవరికైనా అమ్ముకోవచ్చు. పాత పుస్తకంలో ఏం రాసుందో మీ మావయ్య పక్కన కూర్చుని అడగండి. మాట సరిగా రాకపోయినా తల ఊపగలరు కదా. అత్తయ్య గారిని కూడా అక్కడే కూర్చోబెట్టండి. లెక్క ఆవిడ కళ్ళతో చూస్తే సగం భయం పోతుంది.

చీటీ మీద మాత్రం మొదటి రోజు నుంచే రెండు గళ్ళు పెట్టండి, ఒకటి కాటా చూపిన బరువు, ఇంకొకటి తేమకు తగ్గించినది. సరుకు నిజంగా తడిగా ఉంటే ఆ తడిని వాళ్ళ చేత ముట్టించి, ఎంత తగ్గిస్తున్నారో వాళ్ళ భాషలో చెప్పి రాయండి. సవర భాషలో అంకెలు మీకు రాకపోతే మీ పిల్లలు బడిలో స్నేహితుల దగ్గర నాలుగు రోజుల్లో నేర్చుకుని మీకు చెబుతారు.