క్యూలో పిల్లాడు పడిపోయి ఏడుస్తుంటే "వీడికి ఆటిజం" అని చెప్పాలా, వద్దా?

తిరుచానూరు అమ్మ:
మా బాబుకు ఆరేళ్లు. మూడేళ్లప్పుడు వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో ఆటిజం అని చెప్పారు, అంటే మెదడు ఎదుగుదలలోనే తేడా, మాట్లాడటం, నలుగురితో కలవడం కష్టమవుతుంది. పోయిన ఆదివారం కాణిపాకం వెళ్లాం. క్యూలో కమ్మీలు ఒక్కొక్కటీ ముట్టుకుంటూ బాగానే నడిచాడు. లోపల గంట మోగగానే చెవులు మూసుకుని నేలమీద పడిపోయాడు. వెనక ఒక పెద్దావిడ, "రెండు తగిలిస్తే నోరు మూస్తాడు, గారాబం ఎక్కువైంది" అంది. ఉక్రోషంతో "వీడికి ఆటిజం అండీ" అన్నాను. అంతే, అందరూ గప్‌చిప్. అదే పెద్దావిడ "అయ్యో, ఏ జన్మలో చేసుకున్న పాపమో" అంటూ వాడి తల నిమరబోయింది. వాడు ఇంకా గట్టిగా అరిచాడు. బయటికొచ్చాక మా ఆయన "ఊరంతా చాటింపు వేయాలా?" అన్నారు. ఆ తిట్టే నయమా, ఈ జాలే నయమా? మీరైతే చెప్తారా?

చిత్తూరు నాన్న:
చెప్పాలమ్మా. మన పిల్లలు చూడ్డానికి మామూలుగా ఉంటారు, అక్కడే వచ్చింది తంటా. చక్రాల కుర్చీ కనిపిస్తే జనమే దారి ఇస్తారు. మా వాడికి ఏడీహెచ్‌డీ, అంటే ఒకచోట కుదురుండదు, దేనిమీదా ధ్యాస నిలవదు. ఆటిజం 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఉంది, ఏడీహెచ్‌డీకి ఆ జాబితాలో చోటే లేదు. చదవడంలో, రాయడంలో ఇబ్బంది కూడా ఉంటే ఆ పేరున వైకల్య సర్టిఫికెట్ అడగొచ్చు. మీకు చూపించడానికి ఒక కాగితమైనా వస్తుంది. మాకు నోరే దిక్కు.

రిటైర్డ్ టీచర్:
ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. అప్పుడు ఈ పేర్లేవీ లేవు. చేతికి సెల్‌ఫోన్ ఇచ్చి, ఆనక జబ్బు అంటున్నారు. ఎవరినీ నొప్పించాలని కాదు, చూసింది చెప్తున్నాను.

థెరపీ వరండా:
మాస్టారూ, పేరు అప్పటికే ఉంది. 1943లోనే లియో కానర్ అనే డాక్టరు ఈ పిల్లల గురించి రాశాడు. అప్పటికి సెల్‌ఫోన్ ఎక్కడిది? తర్వాత కొన్నాళ్లు, తల్లి ప్రేమ చూపించకపోవడం వల్లే వస్తుందన్నారు. అది తప్పని తేలింది. 1998లో ఒక వ్యాసం వల్ల నింద టీకాల మీద పడింది. దాన్ని అచ్చేసిన లాన్సెట్ అనే వైద్య పత్రికే 2010లో దాన్ని వెనక్కి తీసుకుంది. ఇప్పుడు ఫోన్ వంతు వచ్చినట్టుంది.
ఇంకో సంగతి. మారాం వేరు, ఇది వేరు. మారాం చేసేవాడు మధ్యమధ్యలో మన మొహం చూస్తాడు, అడిగింది ఇస్తే ఆపేస్తాడు. చప్పుడు తట్టుకోలేక పడిపోయినవాడికి మన మొహమే కనిపించదు. వాణ్ని కొడితే ఇంకో బాధ తోడవుతుంది, అంతే.

పీలేరు అక్క:
నేను చెప్పొద్దంటాను. మా అమ్మాయికి పదమూడేళ్లు. చిన్నప్పట్నించీ ఆటో అతనికి, పూలమ్మే ఆమెకు, బస్సులో పక్క సీటు వాళ్లకు, అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. పోయినేడు ఒకరోజు ఆటో దిగాక, "అమ్మా, నా సంగతి నన్ను అడక్కుండా ఎందుకు చెప్తావ్?" అంది. దీనికి మాటలొస్తే చాలు దేవుడా అని మొక్కుకున్నదాన్ని, ఆ మాటకు నోరు పెగల్లేదు. ఆలోచిస్తే అర్థమైంది. అన్నేళ్లూ నేను చెప్పింది దాని కోసం కాదు, నేను చెడ్డ తల్లిని కానని అనిపించుకోవడానికి. బడిలో చెప్పాలి, డాక్టరుకు చెప్పాలి. క్యూలో వాళ్లతో మనకేం పని?

కుప్పం తమ్ముడు:
దాస్తే ఏమవుతుందో మా ఇంట్లో చూశాం. అక్కకు సంబంధాలు చెడిపోతాయని మా తమ్ముణ్ని ఐదేళ్లు మామయ్య ఊళ్లో ఉంచారు. థెరపీ లేదు, సర్టిఫికెట్ లేదు. ఎవరైనా అడిగితే "వాళ్ల నాన్న కూడా ఆలస్యంగానే మాట్లాడాడు" అనేవాళ్లు. పెళ్లయ్యింది. నెల తిరక్కుండానే బావకు తెలిసిపోయింది. ఆయన అడిగింది ఒకటే: "మరి పెళ్లికి వాణ్ని ఎందుకు తీసుకురాలేదు?"

రిటైర్డ్ టీచర్:
నా క్లాసులో ఒకడుండేవాడు. తిరుపతి, రేణిగుంట రైళ్ల టైములన్నీ అప్పజెప్పేవాడు, పేరు పెట్టి పిలిస్తే మాత్రం పలికేవాడు కాదు. పొగరనుకున్నాను. నా బెత్తం ఎక్కువగా తగిలింది వాడికే. ఏడో తరగతిలో మానేశాడు. ఫోన్ సంగతి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

తిరుచానూరు అమ్మ:
అక్కా, మా వాడికింకా మాటలు రాలేదు, అడిగి చెప్పడానికి లేదు. తమ్ముడి పోస్టు మా ఆయనకు చదివి వినిపించాను. ఏమీ అనలేదు గానీ, సాయంత్రం చప్పుడు వినపడకుండా చెవులకు పెట్టేది ఒకటి కొనుక్కొచ్చారు. ఈసారి ఎవరైనా అడిగితే "వీడికి గంట చప్పుడు పడదు" అంటాను. ఆ పేరు ఎత్తను, అబద్ధమూ కాదు. మళ్లీ కొట్టమంటే మాత్రం ఏమంటానో నాకే తెలియదు.

చిత్తూరు నాన్న:
"పడకపోతే అలవాటు చెయ్యండి" అంటారు, చూస్తుండండి.

రిటైర్డ్ టీచర్:
ఆదివారం వద్దమ్మా. మామూలు రోజున తెల్లారగానే వెళ్లండి.